ఆ ఏటి మామిడి దుంగలు

మొన్న మా చెల్లెలి కొడుకు మమ్మల్నందర్నీ దిండి తీసుకెళ్ళాడు. గోదారి ఒడ్డున రిసార్టులో భోజనం. అక్కడ వంటశాల ముందు, వచ్చేపోయేవాళ్ళకి కనపడేలా, కట్టె పేళ్ళు గోడలా పేర్చి ఉంచారు. అన్నీ ఒకే పొడవు, ఒకే లావు. పైన 'కట్టెల పొయ్యి వంట' అని బోర్డు. పిల్లలంతా వాటి ముందు నిలబడి ఫోటోలు దిగారు. "నువ్వూ రా పెద్దమ్మా, నీ చిన్నప్పటి రోజులు గుర్తొస్తాయి" అన్నాడు వాడు. వెళ్ళి నిలబడ్డాను. వంట మాత్రం లోపల గ్యాసు మీదే అవుతోంది. వెనక గుమ్మంలోంచి సిలిండర్లు కనపడుతూనే ఉన్నాయి.

ఫోటో చూసి, "ఏంటి పెద్దమ్మా, రేషన్ కార్డు ఫోటోలా పెట్టేవు మొహం" అని నవ్వాడు. వాడన్నది నిజమే. చీల్చిన పేళ్ళు చూస్తే నా మొహం అలాగే అయిపోతుంది. బాధా ఉండదు, ముచ్చటా ఉండదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదే, అలా ఉంటుంది. ఎందుకో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

మా ఇంట్లో వంటచెరకు ఏడాదికోసారి వచ్చేది. రోజువారీ మంటకి మా దొడ్లో కొదవ లేదు. కొబ్బరి మట్టలు, డొక్కలు, ఎండిన కమ్మలు ఎక్కడ పడితే అక్కడే. కానీ అవన్నీ భగ్గున మండి చప్పున ఆరిపోయే సరుకు. పప్పు ఉడకాలన్నా, నీళ్ళ కాగు మరగాలన్నా నిలిచి మండే కట్టె కావాలి. పైగా వానలు మొదలైతే మట్టలన్నీ తడిసిపోయి పొగ తప్ప మంట ఇవ్వవు. అందుకని రోహిణి కార్తె ఎండల్లో దుంగలు తెప్పించి, చీల్పించి, మృగశిర చినుకు పడేలోగా పాకలోకి చేర్చెయ్యాలి. అలా చెయ్యని ఇల్లాలు వానాకాలమంతా పొయ్యి దగ్గర ఏడుస్తూ కూర్చోవలసిందే.

దుంగలు రెండెడ్ల బండి మీద వచ్చేవి. ఎక్కువగా మామిడివి. గాలివానకి పడిపోయిన చెట్లో, కాపుడిగిన చెట్లో అయ్యుండేవి. బండి వెనక్కి తిప్పి, తాళ్ళు విప్పి, ఒక్కొక్క దుంగా వాకిట్లోకి దొర్లిస్తుంటే ఇంటి అరుగు అదిరేది. కాసేపటికి వాకిలంతా పుల్లటి వాసన. కోసిన మామిడి మానుకి కొంచెం మామిడికాయ వాసనే ఉంటుందని ఇప్పుడెవరికైనా చెబితే నమ్మరు.

మేం పిల్లలం ఆ దుంగల మీద గుర్రాలెక్కినట్టు ఎక్కి కూర్చునేవాళ్ళం. ఒక ఏడు నేను బెరడులోంచి కారిన బంక తీసి మా చెల్లెలి జడకి అంటించాను. కొబ్బరినూనె పట్టించినా రాలేదు, కిరసనాయిలు పట్టించినా రాలేదు. చివరికి జడ సగం కత్తిరించాల్సి వచ్చింది. అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం పెట్టకూడదని శిక్ష వేస్తే, తాతయ్య నివురులో కాల్చిన పనసపిక్కలు పంచె కొంగులో దాచుకొచ్చి అరుగు చివర నా ఒళ్ళో పోసేరు.

పేళ్ళు కొట్టే మనిషిని మా ఇంట్లో అందరూ పేళ్ళాయన అనేవారు. నేను మావా అనేదాన్ని. కాలవ అవతల పాకలో ఉండేవాడు. ఆయన గొడ్డలి, సమ్మెట, నాలుగు ఇనప చీలలు పట్టుకుని వస్తే, ఆయన భార్య చీరకొంగు బొడ్లో దోపుకుని వెనకాలే వచ్చేది. ఆయన చీల్చడం, ఆమె మోసి పేర్చడం. పేళ్ళు ఎలా పేర్చాలో నాకు ఆమే నేర్పింది. "బెరడు పైకుండాలండి బుల్లెమ్మగారూ. సూరు కారినా నీరు జారిపోద్ది. లోపలేపు పైకెడితే నీళ్ళు తాగేసి కూకుంటాది" అనేది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ చేతులు పనిచేస్తూనే ఉండేవి. నా చిన్న చేతుల్లో సన్న పేళ్ళు రెండు పెట్టి, నేను మోసుకెళ్తే, "అబ్బో, ఈవిడొచ్చేక నాకు పని తగ్గిపోయిందండి" అని మా అమ్మకి వినపడేలా అనేది. నాకు ఛాతీ రెండంగుళాలు పొంగేది.

ఆ నాలుగు రోజులూ తాతయ్య పెళ్ళిపెద్దలా తిరిగేవారు. అరుగు దిగి, పీట వేయించుకుని దుంగల మధ్యే కూర్చునేవారు. చేతికర్రతో చూపించేవారు.

"ఆ ముడి పక్కన వెయ్యరా. చీల దిగుతుంది."

"ఆయ్, అక్కడ దిగదండి. ఇటేపు నుంచెయ్యాలండి."

"నలభై ఏళ్ళుగా చూస్తున్నానోయ్ నేను."

"తమరు సూత్తన్నారండి. నేను కొడతన్నానండి."

తాతయ్య పకపకా నవ్వేవారు. ఇంట్లో మరెవరు అలా ఎదురు చెప్పినా ఆయనకి కోపం ముక్కు మీద ఉండేది. పేళ్ళాయన మాటకి మాత్రం నవ్వు వచ్చేది. దుంగ కొసన పగులు చూసి అందులో చీల నిలబెట్టి, సమ్మెటతో కొడతారు. మొదటి దెబ్బలు ఖంగుమంటాయి. చీల లోపలికి దిగేకొద్దీ చప్పుడు మొద్దుబారుతుంది. ఎక్కడో ఒకచోట లోపల కిర్రుమంటుంది. "అదీ! అయిపోయింది దాని పని. ఇంక నువ్వు కొట్టినా విడిపోతుంది" అనేవారు తాతయ్య నాతో. కళ్ళు మూసుకుని కూడా ఆయన చెప్పగలిగేవారు, ఏ దెబ్బకి విడిపోతుందో.

నాకు పదో పదకొండో ఏడు వచ్చిన వేసవిలో తాతయ్యకి జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమే అనుకున్నారు. మూడు రోజులైనా దిగలేదు. అమలాపురం నుంచి డాక్టరుగారు వచ్చి చూసి, నాన్నని వీధిలోకి తీసుకెళ్ళి మాట్లాడేరు. నాన్న లోపలికి వచ్చి ఎవరి మొహమూ చూడకుండా చెంబుడు నీళ్ళు తాగేరు. తాతయ్య మంచం గదిలోంచి వసారాలోకి మార్చారు, గాలి తగులుతుందని.

సరిగ్గా ఆ మర్నాడే దుంగల బండి వచ్చింది. అంతకుముందెప్పుడో చెప్పి ఉంచినవి. నిరుటి గాలివానకి పడిన చెట్టువి, ఏడాదిగా ఎండినవి. బండివాడు దొర్లించి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే పేళ్ళాయన గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు. ఈసారి ఒక్కడే. నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఇప్పుడు కాదు. నేను కబురు పెడతాలే."

ఆయన ఆవిడ భుజం మీదుగా వసారాలో మంచం చూశాడు. "ఆయ్, అలాగేనండి అమ్మగారూ" అని వెనక్కి తిరిగాడు. నాకు అర్థం కాలేదు. వంటింట్లోకి వెళ్ళి అమ్మనడిగాను. అమ్మ పచ్చిమట్టలు పొయ్యిలో పెట్టి గొట్టంతో ఊదుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మనిషి మంచంలో ఉండగా వాకిట్లో మామిడి దుంగలు చీలుస్తారటే? అలా హడావిడిగా చీల్చేది ఎవరైనా పోయినప్పుడు. ఇప్పుడా చప్పుడు చేస్తే, రమ్మని పిలిచినట్టు."

"ఎవర్ని?"

"నోరుమూసుకుని ఆ పిడక ఇలా అందుకో."

అప్పటినుంచి నేను ఆ దుంగల దగ్గరికి వెళ్ళలేదు. చెల్లెలు ఎక్కబోతే రెక్క పట్టుకుని దింపేశాను. గొడ్డలి చప్పుడైతే తాతయ్య చచ్చిపోతారు. నాకు అర్థమైంది అదొక్కటే. అన్నం తింటున్నా, వైకుంఠపాళీ ఆడుకుంటున్నా ఆ ఒక్క మాటే బుర్రలో ఉండేది.

జ్వరం దిగలేదు. సముద్రం వైపు నుంచి మబ్బులు రావడం మొదలైంది. మేష్టరైన నాన్న, సెలవులైనా ఏవో రికార్డుల పని మీద బడికి వెళ్తూ ఆకాశాన్ని, దుంగల్ని ఒకసారి చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయేవారు. అమ్మా నాయనమ్మా కూడా ఆ మాట ఎత్తేవారు కాదు. ఎత్తింది తాతయ్య ఒక్కరే.

"పేళ్ళు కొట్టించారా?"

"కొట్టించాంలెండి" అంది నాయనమ్మ.

"చప్పుడు లేకుండా ఎలా చీలాయే? కత్తిపీటతో తరిగేరా?"

నాయనమ్మ బార్లీ నీళ్ళ గ్లాసు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మంచం పక్కన విసనకర్రతో నేను మిగిలాను. తాతయ్య నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసేరు. ఆయన నోటి నుంచి మందు వాసన వచ్చింది.

"ఒసేయ్, నేనింకా బతికే ఉన్నాను. వీళ్ళందరూ గుసగుసలాడుకుంటూ మునివేళ్ళ మీద నడుస్తున్నారు. ఈ నిశ్శబ్దమే నన్ను చంపేలా ఉంది. వెళ్ళి వాణ్ణి పిలుచుకురా."

"గొడ్డలి చప్పుడైతే నువ్వు..." అన్నాను.

"పోతానా? చూద్దాం. ఒకవేళ పోయినా, ఇంట్లో ఎండు పుల్ల లేకుండా పోయాననిపించుకోను. నేను పిలిచానని చెప్పకు, మీ నాయనమ్మ గుమ్మంలోంచే పంపేస్తుంది. మీ నాన్న రమ్మన్నాడని చెప్పు."

కాలవ గట్టు మీద నడుస్తూ ఏడ్చాను. పిలిస్తే తాతయ్య చచ్చిపోతారు. పిలవకపోతే తాతయ్య అడిగిన చివరి పని చెయ్యనిదాన్నవుతాను. ఇవి రెండే నా బుర్రలో ఉన్నాయి. మూడోది ఉంటుందని తెలియదు.

పేళ్ళాయన పాక ముందు కూర్చుని ఉన్నాడు. ఆ ముందు రోజు వేరే ఊళ్ళో పేళ్ళు కొట్టి వచ్చాడట, గొడ్డలి అంచుకి ఇంకా తెల్లటి పొట్టు అంటుకుని ఉంది. లోపల చాప మీద ఆయన భార్య పడుకుని ఉంది. నుదుటి మీద తడిగుడ్డ. పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. నన్ను చూసి నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

"నాన్న రమ్మన్నారు మావా. పేళ్ళు కొట్టాలట."

"రేపొత్తానండి బుల్లెమ్మగారూ. ఇయ్యాల దీనికి బొత్తిగా బాలేదండి. పొద్దుట్నుంచి గంజి కూడా దిగలేదండి."

"ఇవాళే రమ్మన్నారు."

ఆయన లోపలికి చూశాడు. ఆయన రాడేమో అనిపించింది నాకు. వట్టి చేతులతో వెనక్కి వెళ్ళి తాతయ్య మొహం చూడలేననిపించింది. కొబ్బరికాయలు దింపేవాళ్ళు ఆలస్యం చేసినప్పుడు నాన్న అనే మాట ఒకటి నేను విన్నాను. ఆ మాటంటే పని జరిగిపోతుందని నాకు తెలుసు.

"ఇవాళ రాకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటారట."

ఇది తాతయ్య నేర్పిన అబద్ధం కాదు, నేను సొంతంగా ఆడింది.

చాప మీంచి ఆమె అంది. "ఎల్లిరా. పెద్దబాబుగారికి బాలేదంట, ఆళ్ళకెంత అవసరమో. పనైపోగానే వచ్చేద్దువుగాని." ఆయన కుండలోంచి నీళ్ళు ముంచి ఆమె చేతికి అందేలా పెట్టాడు. పక్క పాకావిడని కేకేసి, "కాత్త సూత్తా ఉండమ్మా" అన్నాడు. గొడ్డలి భుజాన వేసుకున్నాడు. దారిపొడుగునా ఆయన ముందూ నేను వెనకా. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

మా ఇంట్లో మనిషి మంచాన పడితే వారం రోజులు గొడ్డలి చప్పుడు లేకుండా చూసుకున్నాం. ఆయన ఇంట్లో మనిషి మంచాన పడినా ఆయన రోజూ ఎవరో ఒకరి వాకిట్లో మామిడి దుంగలు చీలుస్తూనే ఉన్నాడు. ఈ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళకీ తట్టలేదు. తడితే ఎవరో ఒకరు, మీ ఆవిడ ఏదోయ్ అని అడిగి ఉండేవారు.

నాయనమ్మ ఆయన్ని చూసి గుమ్మానికి అడ్డం వచ్చింది. "బాబుగారు రమ్మన్నారంటండి" అన్నాడాయన. కొడుకు మాటకి ఆవిడ ఎదురు చెప్పదు. మొహం గంటు పెట్టుకుని దేవుడి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.

మొదటి సమ్మెట దెబ్బకి నేను వసారాలో స్తంభం పట్టుకున్నాను. తాతయ్య ఛాతీ వైపే చూస్తున్నాను. ఒక దెబ్బ, ఒక ఊపిరి. ఇంకో దెబ్బ, ఇంకో ఊపిరి. కాసేపటికి తాతయ్య దిళ్ళు ఎత్తుగా పెట్టించుకున్నారు. "ఒరేయ్, అది అలా విడదు. తిప్పి కొట్టు" అని నీరసంగా అరిచేరు. "ఆయ్" అన్నాడు పేళ్ళాయన. అంతే. ఎదురు మాట అనలేదు. తాతయ్య కాసేపు ఆగి చూసి, మళ్ళీ ఏదో అన్నారు. మళ్ళీ "ఆయ్" అనే వచ్చింది. నాకది వింతగా అనిపించింది కానీ తాతయ్య బతికే ఉన్నారన్న సంతోషంలో పట్టించుకోలేదు. పేళ్ళు పేర్చడానికి ఆమె లేదు కదా, నేనే మోశాను. బెరడు పైకి పెట్టి పేర్చాను.

మధ్యాహ్నం తిరిగేసరికి తాతయ్యకి ఒళ్ళంతా చెమట పట్టింది. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, "అత్తయ్యగారూ!" అని కేక పెట్టింది. జ్వరం దిగిపోయింది. తాతయ్య చారన్నం కావాలని అడిగేరు. నాయనమ్మ దేవుడి గది తలుపు తీసుకుని వచ్చి మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

అప్పుడు కాలవ గట్టు మీద నుంచి పక్క పాకావిడ వచ్చింది. పరుగెత్తలేదు, నడిచే వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది.

"అయిపోయిందయ్యా. ఎల్లిపోయింది."

పేళ్ళాయన ఎత్తిన గొడ్డలి మెల్లగా దించాడు. అంచుకి అంటుకున్న పొట్టు బొటనవేలితో తుడిచాడు. చీలలు ఏరి ఒకచోట పెట్టాడు. ఇంకా ఒక దుంగ మిగిలి ఉంది, వేరు మొదలు, అన్నిటికన్నా పెద్దది.

"అమ్మగారూ, ఇదొక్కటీ ఉండిపోయిందండి. దినాలయ్యేక వచ్చి కొట్టేత్తానండి" అన్నాడు.

నాన్న బడి నుంచి వచ్చేసరికి, దహనానికి కట్టెలు అడుగుదామని ఆయన ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. సంగతి విని నాన్న తలెత్తి ఆకాశం చూశారు. వాన మబ్బు పట్టి ఉంది. ఆ పూట ఊళ్ళో ఎండు కట్టె వెతకడం కష్టం. "ఆ పేళ్ళు బండికెత్తించండి" అన్నారు నాన్న. పొద్దుట్నుంచి చీల్చిన పేళ్ళన్నీ ఆయన తన చేతులతోనే మా పాకలోంచి తీసి బండికెత్తాడు. నేను పేర్చిన వరస పైనుంచి కిందికి తగ్గుతూ వచ్చింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఎవరు పిలిచారని ఎవరూ అడగలేదు. నాయనమ్మ పిలిపించిందనుకున్నారు నాన్న. నాన్న పిలిపించారనుకుంది నాయనమ్మ.

దీపాలు పెట్టే వేళ వంటింట్లో నాయనమ్మ అమ్మతో అంది. "గండం వచ్చిన మాట నిజమే తల్లీ. గుమ్మం మారింది." అమ్మ, "ఊరుకోండి అత్తయ్యగారూ, పాపం" అంది. నేను కంచం ముందు కూర్చుని ఉన్నాను. వంకాయ కూర అన్నంలో కలుపుకుని మొత్తం తిన్నాను. మజ్జిగ రెండోసారి వేయించుకున్నాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. అరచేతికి బంక అంటుకుని ఉంది, దాన్ని గీరుతూ కూర్చున్నాను.

ఆ ఏడుపు తర్వాతెప్పుడూ రాలేదు. తాతయ్య చాలా ఏళ్ళకి పోయినప్పుడూ రాలేదు. ఈ పిల్లది గట్టి గుండె అన్నారు అందరూ. నేను ఏ మాటతో ఆయన్ని తీసుకొచ్చానో తాతయ్యకి కూడా తెలియదు. ఒకసారి ఏదో అనబోయి, "ఆవేళ నువ్వు..." అని మొదలుపెట్టి, పొడుండబ్బా తీసి మూత చూస్తూ ఊరుకున్నారు. ఆ మరుసటి ఏడు నుంచి దుంగలు చీల్చేటప్పుడు పీట వేయించుకోలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పి లోపలే ఉండేవారు.

పేళ్ళాయన మాత్రం ప్రతి ఏడూ వచ్చేవాడు, ఒక్కడే. ఆయన చీల్చితే నేను పేర్చేదాన్ని. ప్రతి ఏడూ చెబుదామనుకునేదాన్ని. ఈ దుంగ అయ్యాక చెబుదాం, మజ్జిగ ఇచ్చేటప్పుడు చెబుదాం అనుకుంటూనే నాలుగు రోజులూ అయిపోయేవి. ఏం చెప్పాలో తెలిసేది. చెప్పడానికి లోపల ఏదో కదలాలి కదా, అది కదిలేది కాదు.

నేను కాలేజీలో చేరిన ఏడు మా ఇంటికి గ్యాసు వచ్చింది. పొయ్యి తీసేశారు. పేళ్ళాయనని ఆఖరిసారి పిలిచారు, మిగిలిన ముక్కలేవో కొట్టి పెట్టమని. పనయ్యాక నాన్న ఆయనకి కొత్త పంచె పెట్టి, "ఇన్నేళ్ళు మా ఇంటిని కనిపెట్టుకుని ఉన్నావోయ్. ఇంక నీకు ఈ చాకిరీ తప్పింది" అన్నారు.

ఆయన పంచె కళ్ళకద్దుకున్నాడు. నవ్వుతూ అన్నాడు. "తమరి దయండి. ఆ ఏడు, ఇయ్యాల రాకపోతే వేరేవోణ్ణి పెట్టుకుంటానని కబురెట్టేరు గానండి, నన్నెప్పుడూ మార్చలేదండి తమరు."

నాన్న అర్థంకానట్టు చూశారు. "నేనా? నేనెప్పుడు అలా కబురు పెట్టానోయ్?"

నేను మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాను. ఆయన నా వైపు చూశాడు. ఎంతసేపో చూడలేదు. చీల దిగి దుంగ లోపల కిర్రుమనడానికి పట్టినంతసేపు.

"ఆయ్... మరేదో ఇంటికాడండి బాబూ. పెద్దోణ్ణయిపోయేను, అన్నీ మర్సిపోతన్నానండి."

అని నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. నిలబడే తాగాడు. "సల్లగా ఉందండి బుల్లెమ్మగారూ. బాగా సదూకోండి" అని గ్లాసు నా చేతికిచ్చి, గొడ్డలి భుజాన వేసుకున్నాడు. వాకిట్లోంచి గేటు దాకా మెల్లగా నడిచాడు. అక్కడ చెప్పులు తొడుక్కోవడానికి వంగి, చాలాసేపు వంగే ఉన్నాడు. నేను నిలబడ్డ చోటి నుంచి గేటుకి పది అడుగులు కూడా ఉండవు. నేను వెళ్ళలేదు.